ఇంకా కొంచెం గరుకు

జనవరి 8

ఈ డైరీలో ఇప్పటిదాకా గ్యాసు బండ ఎప్పుడు మార్చిందీ, నీళ్ళ ట్యాంకు ఎప్పుడు కడిగించిందీ, దుప్పట్లు ఎప్పుడు ఉతికిందీ మాత్రమే రాసుకున్నాను. ఇవాళ్టి నుంచి ఆయన కాలు కూడా రాయాలి. ఫిజియోథెరపీ అమ్మాయి రాయమంది. "ఆంటీ, మీరు పద్ధతిగల మనిషిలా ఉన్నారు, ఎంత వంగిందో రోజూ రాసి పెట్టండి" అంది. వేరే ఏమీ రాయను.

కుడికాలి చీలమండ. ఆయన నడిపే బస్సు ప్రమాదంలో విరిగింది. ఎముక అతికింది, ప్లేటు లోపలే ఉంటుంది. కుట్లు మానాయి. మడమ పక్క నుంచి పైకి జానెడు మచ్చ. ఆ మచ్చ కింద చర్మం, కండ, దాని మీది పొర అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని అతుక్కుపోయాయట. ఒకదాని మీద ఒకటి జారాల్సినవి జారడం లేదు. అందుకే పాదం పైకి వంగదు. పాదం వంగకపోతే బస్సు బ్రేకు మీద కాలు నిలవదు.

కొలత: గోడకి ఎదురుగా నిలబడి, మడమ లేపకుండా మోకాలు గోడకి ఆనించాలి. అప్పుడు బొటనవేలికీ గోడకీ మధ్య నా వేళ్ళు ఎన్ని పడితే అంత. ఎడమకాలు ఐదు వేళ్ళు. కుడికాలు సున్నా.

మార్చి నెలాఖరులో డిపో డాక్టరు చూస్తాడు. నాలుగు వేళ్ళు వస్తే మళ్ళీ స్టీరింగు ఇస్తారు. రాకపోతే షెడ్డు గేటు దగ్గర కుర్చీ వేస్తారు. ఒకసారి ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకి మళ్ళీ బస్సు ఇవ్వరట.

జనవరి 9

సున్నా.

జనవరి 12

ఇవాళ ఆ అమ్మాయి మొదటిసారి గీకింది. గీకడం అనకూడదట, దానికి పెద్ద పేరేదో ఉంది. కానీ చేసేది గీకడమే. స్టీలు పనిముట్టు, అరచెయ్యంత ఉంది, నెలవంకలా వంపు. అంచు మొద్దుగా, నున్నగా ఉంటుంది. మచ్చ మీద క్రీము రాసి, పనిముట్టును ఏటవాలుగా పట్టుకుని, ఒకే ఒత్తిడితో కిందనుంచి పైకి లాగింది. తరవాత అడ్డంగా. కాసేపటికి చర్మం గులాబీ రంగుకి తిరిగింది.

"నొప్పి పదిలో ఐదు దాటితే చెప్పండి అంకుల్."

"చెబితే ఆపుతావా?"

"ఆపను. ఊరికే తెలుసుకుంటా."

"నీకు బ్రేకుల్లేవన్నమాట" అన్నాను నేను, నవ్వించడానికి. ఆ అమ్మాయి నవ్వింది. ఆయన గోడకున్న ఎముకల బొమ్మ చూస్తూ ఉండిపోయారు.

ఇంటికొచ్చాక ఆయనే ఆ అమ్మాయికి పేరు పెట్టారు, గీకుడమ్మాయి అని.

సున్నా. వేలికీ గోడకీ మధ్య కాగితం పడుతోంది.

జనవరి 19

ఈ మనిషి తొందరగా డ్యూటీకి వెళ్ళిపోవాలి. నాకు పిచ్చెక్కుతోంది.

పొద్దున్నుంచి ఇల్లంతా కుంటుతూ తిరుగుతారు. చెప్పుల అర సర్దారు. గడియారం రెండు నిమిషాలు వెనక ఉందని కుర్చీ ఎక్కబోయారు. నా డబ్బాల మూతలన్నీ తిప్పి బిగించి పెట్టారు, ఒక్కటీ నాకు రావడం లేదు. కిటికీ దగ్గర కూర్చుంటే ఇంకా కష్టం. వీధి చివర మలుపులో బస్సు తిరిగితే చాలు, చూడకుండానే చెబుతారు: "థర్డ్ లోనే తిప్పేశాడు. గేరు బాక్సు వాళ్ళ నాన్నది అనుకున్నాడు."

నేనూ అలాగే తయారయ్యాను. మధ్యాహ్నం పడుకుంటే నిద్ర రాదు. బట్టలు ఆరాయేమో చూద్దామని మేడ మీదకి వెళతాను, ఎందుకొచ్చానో మర్చిపోయి దిగుతాను. మళ్ళీ ఎక్కుతాను.

వదిన, అంటే ఆయన అక్కగారు, పక్క వాటాలోనే ఉంటుంది. గోడ అవతల నుంచే అడిగింది, "ఏమ్మా, మేడ మెట్లు కొత్తగా కట్టించారా, అన్నిసార్లు ఎక్కి చూస్తున్నావు?"

ఒక వేలు.

జనవరి 27

ఆ అమ్మాయి తన పాత పనిముట్టు ఒకటి ఇచ్చింది, ఇంట్లో నేను గీకడానికి. నా చేత తన ముందు గీకించి చూసి, అతుక్కున్నచోట చేతికి గరుకు తగులుతుందని చెప్పి మరీ ఇచ్చింది. చెప్పినవన్నీ రాస్తున్నాను. రోజు విడిచి రోజు. రెండు మూడు నిమిషాలే. పైపైన. ఎముక బొడిపె మీద వద్దు. ఎర్ర చుక్కలు కనిపిస్తే వెంటనే ఆపాలి. గీకిన తరవాత పాదం తప్పకుండా వంచాలి. "గీకితే తలుపు తీసినట్టే ఆంటీ. తీశాక లోపలికి వెళ్ళకపోతే మళ్ళీ మూసుకుపోతుంది."

సాయంత్రం ఆయన మంచం మీద పడుకున్నారు. నేను ఎత్తుపీట మీద కూర్చుని కాలు ఒళ్ళో పెట్టుకున్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ కాలిని ఇంత దగ్గరగా చూడలేదు. పనిముట్టు లాగగానే అర్థమైంది ఆ అమ్మాయి చెప్పింది. చక్కెర ఒలికిన గట్టు మీద గిన్నె జరిపితే చేతికి తెలుస్తుంది చూడు, అలా. సన్నగా గరగర. మచ్చ మధ్యలో ఎక్కువ, పైన తక్కువ.

"ఎలా ఉంది?" అన్నారు.

"గరుకుగా ఉంది."

తరవాత ఆయన పైకప్పు చూస్తూ ఉన్నట్టుండి మొదలుపెట్టారు. చిన్నప్పుడు సైకిలు నేర్చుకుంటుంటే వాళ్ళ నాన్న వెనక సీటు పట్టుకుని పరిగెత్తేవాడట. ఎప్పుడు వదిలేశాడో తెలియదట. వెనక్కి తిరిగి చూస్తే చాలా దూరంలో నిలబడి ఉన్నాడట, నడుం మీద చేతులు పెట్టుకుని.

ఇది నాకు ఇప్పటిదాకా చెప్పలేదు. ఆయన నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపి రాస్తే బస్సు టికెట్టు వెనక పడతాయి.

వేలున్నర.

జనవరి 29

ఎప్పుడూ ఒకే స్టాపులో దిగే ముసలాయన ఒకడు ఉండేవాడట. దిగే ముందు ఇంజను మూత మీద రెండు దెబ్బలు తట్టేవాడట, గుర్రాన్ని తట్టినట్టు. ఒకరోజు నుంచి రాలేదు. ఆ తరవాత కూడా ఆ స్టాపులో ఒక క్షణం ఎక్కువ ఆపేవారట. టైమ్ కీపరు అడిగితే తలుపు బిగుసుకుందని చెప్పేవారట.

గరుకుగానే ఉంది.

ఫిబ్రవరి 8

రెండు వేళ్ళు.

వదిన వచ్చింది గీకేటప్పుడు. గుమ్మంలో నిలబడి చూసింది.

"మాడిన గిన్నె అనుకున్నావేంటమ్మా మా తమ్ముణ్ణి? ఎంత తోమినా వాడు తెల్లబడడు."

"తెల్లబడక్కర్లేదు వదినా, వంగితే చాలు."

"వాడు పుట్టినప్పటి నుంచీ వంగలేదు, ఇప్పుడు నువ్వు వంచుతావా?"

ఆయన పైకప్పు చూస్తూనే, "అక్కా, ఆ తలుపు దగ్గరగా వేసి వెళ్ళు" అన్నారు. అంటే వెళ్ళమని. ఆవిడ వెళ్ళలేదు, కూర్చుంది. ఆవిడ ఉన్నంతసేపూ ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. నాకు ఆవిడ మీద ఎందుకంత కోపం వచ్చిందో.

ఫిబ్రవరి 13

మా అమ్మాయి హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. "నాన్న ఎలా ఉన్నారు, మాట్లాడుతున్నారా?" అంది.

"గీకేటప్పుడు మాట్లాడతారు."

"ఏం మాట్లాడతారు?"

ఏమో, చెప్పాలనిపించలేదు. "కాలు గురించే" అన్నాను.

ఫిబ్రవరి 17

ప్రమాదం గురించి ఇవాళ మొదటిసారి ఎత్తారు. అంతకుముందు పోలీసులకి చెప్పినప్పుడు నేను పక్కన లేను, నాకు ఎప్పుడూ చెప్పలేదు. దిగుడు రోడ్డు. సన్నగా వాన. మలుపు తిరగగానే ఎదురుగా లారీ, లైట్లు లేకుండా రోడ్డు మీదే ఆగి ఉంది. అంతవరకు చెప్పారు.

నేను పనిముట్టు ఆపాను. "ఆపావేం?" అన్నారు. మళ్ళీ లాగాను. కానీ ఆయన ఇంకేమీ చెప్పలేదు.

ముందు సీట్లలో కూర్చున్నవాళ్ళు నలుగురికి దెబ్బలు తగిలాయి. ఒక కాలేజీ పిల్లకి చెయ్యి విరిగింది. ఎవరి ప్రాణానికీ ఏం కాలేదు. తప్పు లారీ వాడిదేనని డిపో వాళ్ళే రాశారు. ఇవన్నీ నాకు తెలిసినవే, ఎందుకు రాస్తున్నానో తెలియదు.

ఫిబ్రవరి 22

మూడు వేళ్ళు. ఆయన మొహంలో సంతోషం కనిపించలేదు. నిద్ర లేక అయ్యుంటుంది.

క్రీము అయిపోయింది. వచ్చే నెలాఖరు దాకా రావాలి. రోజు విడిచి రోజు, బఠాణీ గింజంత. లెక్క ప్రకారం సగమైనా మిగలాలి. గొట్టం కింద ఎక్కడైనా కారిందేమో అని అర అంతా తుడిచి చూశాను. కారలేదు.

ఫిబ్రవరి 26

మూడు వేళ్ళ దగ్గరే ఆగింది. మోకాలు గోడకి వెంట్రుకవాసి దూరంలో ఉండగా "ఇక రాదు" అంటారు. నేను చెయ్యి వేసి నెట్టబోతే వద్దంటారు.

ఇవాళ పనిముట్టు మచ్చ మీద జారిపోయింది. మధ్యలో కూడా. గట్టు తుడిచేసినట్టు.

"ఎలా ఉంది?"

"ఇంకా కొంచెం గరుకుగానే ఉంది" అన్నాను. బహుశా ఉంది. క్రీము కొత్త రకం, అందుకని తెలియడం లేదేమో.

కిటికీ దగ్గర కూర్చోవడం మానేశారు. బస్సు మలుపు తిరిగితే అవతలి గదిలోకి వెళుతున్నారు. నాకు ఇవాళే తట్టింది, ఎన్నాళ్ళ నుంచి అలా ఉన్నారో.

మార్చి 2

బాత్రూమ్ కుళాయి కారుతోంటే ఆయన బాగుచేశారు. నేను తువ్వాలు ఇద్దామని వెళ్ళాను. గొంతుకూర్చుని ఉన్నారు, పూర్తిగా కిందికి, రెండు మడమలూ నేలకి ఆనించి, మోకాళ్ళు వేళ్ళు దాటి ముందుకి వచ్చి. పానా తిప్పుతూ కూనిరాగం తీస్తున్నారు.

అలా కూర్చోవాలంటే కాలు నాలుగు వేళ్ళు కాదు, ఐదు వేళ్ళు వంగాలి.

నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను. వంటింట్లో చాలాసేపు నిలబడ్డాను. తువ్వాలు చేతిలోనే ఉంది.

సాయంత్రం గోడ దగ్గర కొలిచాను. "ఇక రాదు" అన్నారు.

మూడు వేళ్ళు. అదే రాస్తున్నాను.

మార్చి 4

మూడు.

మార్చి 6

చెప్పారు.

నేను అడగలేదు. గీకుతున్నాను, అంతే. లారీ కనిపించిందట. బ్రేకు తొక్కాలని బుర్రకి తెలుసట. కాలు కదల్లేదట.

"కదల్లేదంటే?"

"కదల్లేదు. వెయ్యి అంటున్నా, అది వెయ్యలేదు. నా కాలు కాదన్నట్టు ఉంది. తరవాత అద్దం వచ్చి మీద పడింది. మెలకువ వచ్చేటప్పటికి ఆస్పత్రి."

"భయంలో అలా అనిపించి ఉంటుంది."

"నీకేం తెలుసు? ఆ పిల్ల చెయ్యి నా కాలు వల్ల విరిగింది. లారీ వాడి వల్ల కాదు."

గీకుతూనే ఉన్నాను. ఆయనే మళ్ళీ అన్నారు, "డాక్టరు వంగిందా లేదా చూస్తాడు. వంగుతుంది. వంగి ఏం లాభం? ఆ టైముకి మాట వినని కాలుని మళ్ళీ పెడల్ మీద పెట్టి, వెనకాల యాభై మందిని కూర్చోబెట్టుకోమంటావా?"

"పోనీ ఆ మాటే చెప్పండి డిపోలో."

"ఏమని? ఇన్నేళ్ళు నడిపినవాడు బ్రేకు వెయ్యలేకపోయాడనా?" మళ్ళీ తనే, "ఎవరితోనూ అనకు" అన్నారు.

అనను. ఇక్కడ రాయడం అనడం కాదు.

మార్చి 7

ఇవాళ విడవాల్సిన రోజు. అయినా గీకాను. రోజూ గీకితే తొందరగా తగ్గుతుందని.

మార్చి 8

గరుకుగానే ఉంది.

మార్చి 10

గరుకుగానే ఉంది. చెప్పిందే మళ్ళీ చెబుతారు, లారీ, వాన, కాలు. ప్రతిసారీ ఏదో ఒకటి కొత్తగా కలుస్తుంది. ఇవాళ వైపర్ చప్పుడు. నేను వింటాను. ఇంకెవరికి చెబుతారు?

కాలు గరుకుగా ఉంటే నాలుగు వేళ్ళు రావు. నాలుగు రాకపోతే గేటు దగ్గర కుర్చీ. కుర్చీలో కూర్చుంటే ఆ మాట ఎవరితోనూ అనక్కర్లేదు. అదీ ఒక రకంగా మంచిదే. రోడ్డు మీద తిరగరు, నేనూ ప్రశాంతంగా ఉంటాను.

ఇలా అనుకుని పడుకున్నాను. మధ్యాహ్నం కూడా నిద్ర పట్టలేదు.

మార్చి 13

రెండో క్రీము గొట్టం కూడా అయిపోయింది.

మార్చి 16

చాలా అవమానం అయింది. అయినా రాయాలి. పనిముట్టు ఇచ్చాక ఇవాళే మళ్ళీ కాలు చూపించడానికి వెళ్ళాం.

ఆ అమ్మాయి కాలికి కట్టుకెళ్ళిన పట్టీ విప్పి, వంగి దగ్గరగా చూసింది. మచ్చ చుట్టూ ఎర్ర చుక్కలు, కొన్ని నల్లబడ్డాయి. చీలమండ ఉబ్బి ఉంది. నాకు రెండు రోజుల నుంచి కనిపిస్తూనే ఉంది. వేడి వల్ల అనుకున్నాను.

"ఎవరు చేశారిది?"

నేను నోరు తెరిచేలోగా ఆయన, "నేనే గట్టిగా గీకమన్నా. ఆవిడ వద్దంది. నేనే వినలేదు" అన్నారు.

ఆ అమ్మాయి మచ్చని వేళ్ళతో పట్టి ఇటూ అటూ జరిపి చూసింది. చర్మం తేలిగ్గా జరిగింది. "అంకుల్, ఇది మెత్తబడి చాలా రోజులైంది. ఇక్కడ గీకడానికి ఏమీ మిగల్లేదు. ఉన్న జబ్బు పోయాక కొత్త దెబ్బ మీరే తగిలించుకున్నారు." నా వైపు తిరిగింది. "మీకు చేతికి తెలియలేదా ఆంటీ? మొదటిరోజు నాకంటే ముందు మీరే పట్టుకున్నారు గరుకు ఎక్కడుందో."

"తెలియలేదు" అన్నాను.

పనిముట్టు అడిగి తీసుకుంది. సంచీలోంచి తీసి, తుడిచి ఇచ్చాను. వాపు తగ్గేదాకా పరీక్షకి పంపను, వారం రోజులు గడువు అడుగుతానంది. చీటీ రాసింది.

దారిలో ఆయనతో అన్నాను, "మీ మీద ఎందుకు వేసుకున్నారు?"

"నువ్వు ఎందుకు గీకావో నాకు తెలియదనుకున్నావా?" అన్నారు. ఇంటిదాకా నడిచే వచ్చాం. ఆటో ఎక్కుదామంటే రానన్నారు. వాపు కాలుతో.

మార్చి 18

మంచు ముక్కలు. కాలు ఎత్తు మీద. ఆయన పడుకుంటారు, నేను ఎత్తుపీట మీద కూర్చుంటాను. చేతిలో పనిముట్టు లేదు. ఆయనా ఏమీ మాట్లాడరు. కాసేపటికి లేచి వెళ్ళి గిన్నెలు కడుగుతాను. కడిగినవే.

మార్చి 23

వాపు తగ్గుతోంది. ఆయన్ని రబ్బరు పట్టీతో కాలు లాగమని లోపలి గదికి పంపి, ఆ అమ్మాయి ఎక్స్‌రే కవరులోంచి ప్రమాదం రోజు తీసిన ఫిల్ము తీసి వెలుగుకి పెట్టి చూస్తోంది. నాకు ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం, అడిగేశాను.

"అమ్మా, ఈ ఎముక ఇలా ఎందుకు విరిగింది?"

"ప్రమాదంలో కదా ఆంటీ."

"అది కాదు. కాలు ఎక్కడ ఉంటే ఇలా విరుగుతుంది?"

నా మొహం చూసింది. ఫిల్ము నా ముందుకి తిప్పి పెన్ను పెట్టి చూపించింది. చీలమండ లోపల చిన్న ఎముక, దానికి అడ్డంగా గీత. "కాలు ఖాళీగా ఉంటే సాధారణంగా ఇది విరగదు. కింద నుంచి గట్టి వస్తువు పాదాన్ని పైకి నెట్టాలి, పైనుంచి మనిషి బరువంతా దాని మీద పడాలి. మధ్యలో ఇది నలుగుతుంది. పెడల్‌ని బలంగా తొక్కి పట్టుకున్నవాళ్ళకి ఇలా అవడం ఎక్కువ."

"అయితే కాలు బ్రేకు మీద ఉందా?"

"కోర్టులో ప్రమాణం చేసి చెప్పమంటే చెప్పలేను ఆంటీ. నన్ను ఊరికే అడిగితే మాత్రం, ఉంది. గట్టిగానే తొక్కారు."

లోపల నుంచి ఆయన రబ్బరు లాగుతున్న చప్పుడు వస్తోంది. నేను ఫిల్ము మీది గీత వైపే చూస్తూ కూర్చున్నాను.

మార్చి 24

చెప్పాను. పళ్ళెం ముందు కూర్చున్నప్పుడు చెప్పాను, అది తప్పు.

"నువ్వు అడిగి చెప్పించుకున్నావు" అన్నారు.

"ఎముక చెబుతోంది, నేను కాదు."

"ఆ గీకుడమ్మాయి బస్సులో ఉందా? నువ్వు ఉన్నావా? నేనున్నాను. కాలు కదల్లేదు. నాకు గుర్తుంది."

"సైకిలు మీ నాన్న ఎప్పుడు వదిలేశారో మీకు గుర్తుందా?"

పళ్ళెం జరిపి లేచిపోయారు. ఎందుకన్నానో ఆ మాట. ముందుగా అనుకుని అన్నది కాదు.

మార్చి 27

మాటల్లేవు. వదినకి కూడా తెలిసిపోయింది. "ఏంటి, మీ ఇంట్లో రేడియో చెడిపోయిందా?" అంది.

"ఎప్పుడు మోగింది గనక వదినా."

"ఈ మధ్య మోగింది. గోడకి చెవి ఆనించక్కర్లేదు, నాకు వినిపిస్తుంది" అంది. తరవాత గొంతు తగ్గించి, "వాడు అంతసేపు మాట్లాడటం మా అమ్మ కూడా వినలేదే. ఏం మాట్లాడాడో అడగను. మళ్ళీ మాట్లాడించు" అంది.

ఈవిడ మీద నాకున్న కోపం ఎటుపోయిందో.

మార్చి 31

నాలుగు వేళ్ళు. ఆయనే గోడ దగ్గరకి వెళ్ళి నిలబడ్డారు. నేను వేళ్ళు పెట్టాను.

ఏప్రిల్ 4

ఇవాళ పరీక్ష. అంతా వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి నాకే అనుమానం వస్తుంది.

వదిన ఆటో మాట్లాడతానంది. ఆయన నడిచి వెళదామన్నారు, అంత దూరం. నేను, "బస్సులో వెళదాం. డ్రైవరు ఆటో దిగితే గేటు దగ్గరవాళ్ళు నవ్వుతారు" అన్నాను. ప్రమాదం అయ్యాక ఆయన బస్సెక్కలేదు. నేను కావాలనే అన్నాను. ఎందుకో మాత్రం నాకే సరిగ్గా తెలియదు. ఇంట్లో ఇక కూర్చోలేకపోయాను, అంతే.

బస్సు వచ్చింది. డ్రైవరు కుర్రవాడు, ఆయన్ని గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. "మీ సీటు ఖాళీ లేదు గురువుగారూ, నేను కూర్చున్నా. పక్క సీటు ఉంది" అన్నాడు. డ్రైవరు పక్కన అడ్డంగా ఉండే ముందు సీట్లో ఇద్దరం కూర్చున్నాం. ఆయన చేతులు ముందున్న కడ్డీని పట్టుకుని ఉన్నాయి, వేళ్ళు తెల్లబడ్డాయి. కళ్ళు రోడ్డు మీదే. చెమట. దిగిపోదామంటారేమో అనుకున్నాను. అనలేదు.

నాకు రోడ్డు చూడాలంటే భయంగా ఉంది. తల దించుకున్నాను. అలవాటు కొద్దీ ఆయన కాలు చూస్తున్నాను, మూడు నెలలుగా చూస్తున్నదే కదా.

బస్సు మార్కెట్టు మలుపు దగ్గరికి వస్తోంది. ఆయన కుడిపాదం ముందుకి జరిగింది. రేకు నేల మీద ముందు వేళ్ళు, తరవాత పాదం, మెల్లగా, గట్టిగా ఆనింది. మడమ కదల్లేదు. పిక్క బిగిసింది. ఆ తరవాత బస్సు నెమ్మదించింది.

ఊరికే అయ్యుంటుందనుకున్నాను. స్టాపు వచ్చింది. మళ్ళీ అంతే, ముందు కాలు, తరవాత బస్సు. బడి దగ్గర గతుకు, మళ్ళీ. ఒక పిల్లవాడు బంతి కోసం రోడ్డు మీదకి ఉరికాడు. ఆ కాలు ఎంత వేగంగా పడిందంటే నేల దడేలుమంది. అప్పటికి డ్రైవరు ఇంకా హారన్ మీదే చెయ్యి వేశాడు. తరవాత బ్రేకు పడి అందరం ముందుకి తూలాం.

వెనక ఎవరో తిట్టుకుంటున్నారు. ఆయన నా భుజం పట్టుకుని ఉన్నారు.

"కిందికి ఏం చూస్తున్నావు?" అన్నారు.

"మీ కాలు."

"కాలుకేమైంది? వాచిందా?"

"తల తిప్పకండి. రోడ్డు చూస్తూనే ఉండండి. నేను చెప్పినప్పుడు కిందికి చూడండి."

తరవాతి స్టాపు దూరంగా కనిపించింది. కాలు ముందుకి వెళ్ళింది. ఆనింది. "ఇప్పుడు" అన్నాను. చూశారు. ఆయన పాదం నేలని తొక్కిపట్టి ఉంది. బస్సు ఇంకా పరిగెడుతోంది. ఆ తరవాత ఆగింది.

"మీరు వెయ్యమన్నారా?" అని అడిగాను.

తల అడ్డంగా ఊపారు.

"బస్సెక్కిన దగ్గర్నుంచి ప్రతిసారీ వేస్తోంది. అడక్కుండానే వేస్తోంది. ఈ అబ్బాయి కంటే ముందు వేస్తోంది."

ఆయన చాలాసేపు ఆ పాదం వైపే చూశారు, వేరేవాళ్ళ కాలు చూసినట్టు. కాసేపటికి కడ్డీ మీది వేళ్ళు వదులయ్యాయి.

"వాడు లేటుగా వేస్తున్నాడు" అన్నారు.

డిపో డాక్టరు ముసలాయన, కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని వెతుక్కునే రకం. గోడ దగ్గర నిలబెట్టాడు. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. ఆయన ఒకసారి నా వైపు చూశారు. "ఇక రాదు" అనడానికి ఆ ఒక్క క్షణం ఉంది. నేను కళ్ళు తిప్పుకోలేదు. మోకాలు వెళ్ళి గోడకి తగిలింది, మడమ నేల మీదే ఉంది.

స్కేలు పెట్టి కొలిచాడు డాక్టరు. "బాగా చేయించుకున్నావే. ఎవరు చేశారు?"

"ఇంట్లో" అన్నారు ఆయన.

ఏప్రిల్ 5

వారం రోజులు షెడ్డులో ఖాళీ బస్సు తిప్పించి, పక్కన ఒకరిని కూర్చోబెట్టి చూస్తారట. కాలు ఒక్కసారి వెనకాడినా తనే దిగిపోయి కుర్చీ అడుగుతానన్నారు. అడగండి అన్నాను. ఈసారి అబద్ధం ఆడలేదు.

ఏప్రిల్ 9

షెడ్డులో సిమెంటు దిమ్మెలు పెట్టి ఆపిస్తున్నారట. కాలు వెనకాడలేదట. అడిగితే చెప్పారు. అడిగితేనే.

ఏప్రిల్ 15

చీకటితోనే వెళ్ళారు, రూటు బస్సు మీద మొదటి డ్యూటీ. ఇల్లు నాది. డబ్బాల మూతలు వదులుగా పెట్టాను. దుప్పట్లు ఉతికాను. గడియారం రెండు నిమిషాలు వెనక్కి జరిగితే జరగనీ అనుకున్నాను.

పది గంటలకల్లా కిటికీ దగ్గర చేరాను. మలుపులో బస్సు తిరిగిన ప్రతిసారీ చెవులు రిక్కించాను. నాకు థర్డ్ ఏదో ఫోర్త్ ఏదో తెలిసి చావదు. అన్నీ ఆయనవేమో అనిపించాయి. బట్టలు ఆరాయేమో చూడ్డానికి మేడెక్కాను. దిగాను. వదిన గోడ అవతల నుంచి ఏదో అనబోయి ఊరుకుంది. కాసేపటికి తనే వచ్చి కూర్చుంది. ఇద్దరం బస్సులు వింటూ కూర్చున్నాం.

వెలుతురు ఉండగానే వచ్చారు. వాన పడిందట దారిలో, కొంచెం. అంతే చెప్పారు. కాళ్ళు కడుక్కుని వచ్చి మంచం మీద వాలారు. నేను వంటింట్లోకి వెళ్ళబోతుంటే కుడికాలు చాపి ఎత్తుపీట మీద పెట్టారు.

వచ్చి కూర్చున్నాను. కాలు ఒళ్ళోకి తీసుకున్నాను. పనిముట్టు లేదు, క్రీము లేదు. బొటనవేలితో మచ్చ పొడుగునా కిందనుంచి పైకి రాశాను. నున్నగా ఉంది. చేతికి ఏమీ తగల్లేదు.

ఆయన పైకప్పు చూస్తున్నారు.

"ఎలా ఉంది?" అన్నారు.

"ఇంకా కొంచెం గరుకుగానే ఉంది."

"ఊఁ. నాకూ అలాగే అనిపించింది" అన్నారు. తరవాత మొదలుపెట్టారు, "ఇవాళ ఆ ముసలాయన స్టాపులో ఏమైందంటే..."